కత్తిరించిన మూల

తాత పడిపోయినప్పుడు సూపర్‌వైజరు ముందు ఇస్త్రీపెట్టెని ఎత్తాడు. చొక్కా కాలిపోతుందని. ఎత్తి పక్కన పెట్టి, చొక్కాని వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చ పడలేదు. అప్పుడు కిందికి చూశాడు.

"లేపండ్రా ఈయన్ని. ఆ బల్ల దగ్గరికి ఇంకొకళ్లు రండి."

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. అంతా కళ్లారా చూశాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. నోట్లో నాలుక లేదని మా వాళ్లే అంటారు. కానీ చూసింది మరిచిపోను.

మాది ఆవిరి ఇస్త్రీ షెడ్డు. కుట్టుమిల్లు నుంచి మూటలు మూటలుగా వచ్చే చొక్కాలకి మేం మడతలు తేలుస్తాం. ముప్పై రెండు బల్లలు, ముప్పై రెండు పెట్టెలు, నెత్తి మీద రేకులు. పెట్టె అదిమినప్పుడల్లా బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ ఆవిరి ఎక్కడికీ పోయేది కాదు. మా మీదే పడి మళ్లీ కారేది. మీలో ఎవరైనా మడత నలగని చొక్కా తొడుక్కుని ఇది చదువుతుంటే, ఒకసారి కాలరు తడిమి చూసుకోండి. అది ఎవరో ఒకరు చెమట పడకుండా మొహం పక్కకి తిప్పుకుని అదిమిన కాలరు.

తాతని ఇంటికి మోసుకొచ్చాం. ఆయన మాకెవరికీ సొంత తాత కాదు. షెడ్డులో అందరికన్నా పాత మనిషి, అంతే. ఇల్లంటే షెడ్డు వెనక వరసగా ఉన్న పదకొండు రేకుల గదులు. షెడ్డూ ఓనరుదే, గదులూ ఓనరువే. పనివాళ్లలో ఎక్కువమందిమి అక్కడే ఉంటాం.

ఆ గదుల్లో ఎలా బతికామో చెప్పాలి. ఎండ ముదిరాక పదకొండు పొయ్యిలు వెలిగించడం మానేశాం. ఒక్క పొయ్యే. తెల్లారకముందే ఆరుబయట వెలిగించి, అందరి బియ్యం ఒకే గుండిగలో పోసి, ఒకేసారి దించేసేవాళ్లం. గదులు వేడెక్కేవి కావు, కట్టెలు మిగిలేవి. రేకుల మీద పాత గోనెసంచులు పరిచాం. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, పిల్లలకి ఒళ్లు కడిగిన నీళ్లు, ఏవీ కాలవలోకి పోనివ్వలేదు. అన్నీ ఒక డ్రమ్ములో పోసి ఉంచి, ఎండ నడినెత్తికి వచ్చే ముందు ఇద్దరు నిచ్చెనెక్కి ఆ సంచులు తడిపేవాళ్లు. మాకు వారపు సెలవు తలా ఒక రోజు. ఏ రోజు ఎవరికి సెలవుంటే వాళ్లదే వంతు.

"ఇరవయ్యేళ్ల కాపురంలో మా ఆయన నామీద ఒక్క చల్లటి మాట పోయలేదు. నేనేమో ఆయన నెత్తి మీద వారం వారం నీళ్లు పోస్తున్నా" అనేది సబ్బుల పిన్ని, నిచ్చెన మీంచి. మరకలు పడ్డ చొక్కాలకి సబ్బు రుద్దడం ఆవిడ పని.

"ఆ నీళ్లలో అంట్ల మసి కూడా ఉందిగా పిన్నీ, లెక్క సరిపోయింది" అనేది గొంతక్క. ఆవిడ ఈ చివర మాట్లాడితే ఆ చివర పడుకున్న పాప లేచేది.

ముందుగా తడిపే రేకు ఎప్పుడూ మాదే. ఎందుకంటే మా వదినకి నెలలు నిండాయి. రెండో రేకు, పడిపోయిన రోజు నుంచి, తాతది. ఈ వంతులన్నీ నేనే ఒక అట్టముక్క మీద రాశాను. చొక్కా మడతలో పెట్టే అట్ట అది, ఒక మూల పెట్టె తగిలి కమిలిందని పారేస్తే తెచ్చుకున్నాను. అందుకే నన్ను రాతపిల్ల అనేవాళ్లు.

తాత పడిన సాయంత్రమే డ్రమ్ము చుట్టూ కూర్చున్నాం.

"పన్నెండు నుంచి నాలుగు దాకా పెట్టెలు ఆపాలి. బదులుగా పొద్దున్నే ఐదింటికి వస్తాం. పని గంటలు ఏమాత్రం తగ్గవు" అన్నాడు మా అన్న. అన్నకి మాట చక్కగా వస్తుంది. మూల బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తాడు, ఓనరు దగ్గరికి ఏ విన్నపం వెళ్లాలన్నా ఆయనే వెళ్లేవాడు.

"ఒప్పుకోడు" అన్నాడు ఒకాయన.

"అడుగుతామని ఎవరన్నారు? సోమవారం పన్నెండింటికి ఆపేస్తాం. ముప్పై రెండు పెట్టెలు ఒకేసారి చల్లారితే ఎవర్ని తిడతాడు?"

"నాకు ముగ్గురు పిల్లలు. పనిలోంచి తీసేస్తే?"

"తాతకి పిల్లలు లేరనా అలా పడేశారు?" గొంతక్క అంది. "పని ఆపడానికి ఒక మనిషి పోవాలంటే చెప్పండి, ఎవరు పోవాలో వంతులు రాయిద్దాం. రాతపిల్ల ఉందిగా."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి మాట తప్పకుండా వేలిముద్రలు వేద్దామనుకున్నారు. వేరే కాగితం ఏదని నేను వెతుకుతుంటే పిన్ని, "కాగితాలు పాడుచెయ్యడం దేనికే, ఆ వంతుల అట్ట వెనక ఖాళీగానే ఉందిగా" అంది. నాకూ అదే సబబనిపించింది. మేం ఏ వస్తువునీ రెండు వైపులా వాడకుండా వదిలేవాళ్లం కాదు. గుండిగ అడుగు మసిలో వేళ్లు అద్ది ఒకరి తర్వాత ఒకరు ముద్రలు వేశారు. మొదటిది మా అన్నది, పైన ఎడమ మూలలో. తర్వాత గొంతక్క, పిన్ని, నేను, అలా ఇరవై మూడు. ఒక్కో ముద్ర పక్కన పేరు నేనే రాశాను. ఆ అట్టని మా గదిలో, వంతులు పైకి కనబడేలా, పేర్లు గోడవైపు ఉండేలా మేకుకి తగిలించాం.

శనివారం ఓనరు అన్నని పిలిపించాడు. మూటలు దించడానికని చెప్పాడు అన్న.

ఆదివారం తెల్లారి ఒక కబురు తెచ్చాడు. గోడౌను వెనక ఇటుకల గది ఖాళీగా ఉందట. పైన శ్లాబు, లోపల కూలరు. కాన్పయ్యేదాకా వదినని అందులో ఉండనిస్తారట.

"ఓనరుకి అంత దయ ఎక్కడినుంచి వచ్చింది?" అంది వదిన.

"కాళ్లావేళ్లా పడ్డాను. నీకెందుకు, పద."

వరస వరసంతా సంబరపడింది. వదిన బట్టల పెట్టెని గొంతక్క నెత్తిన పెట్టుకుంది. పిన్ని తన పాత నూలు బట్టలు మెత్తగా ఉతికి, పుట్టబోయే బిడ్డకని మూట కట్టి ఇచ్చింది. "మనలో ఒకళ్లయినా చల్లగా ఉంటారు" అంటూ ఎండలో అందరం కలిసి సామాను మోశాం. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నా చేతులు మండుతాయి.

సోమవారం పదకొండున్నరకి షెడ్డు గేటు మూసేశారు. ఓనరు లోపలికి వచ్చాడు. చేతిలో ఒక అట్టముక్క ఉంది. దూరం నుంచే గుర్తుపట్టాను. నిన్న మేకుకి కనబడకపోతే వదిన సామానులో కలిసిపోయిందనుకున్నాను. నా రాత నాకు తెలీదా? 'గురువారం: సబ్బుల పిన్ని, రాతపిల్ల'. ఆయన దాన్ని వెనక్కి తిప్పాడు.

"పేర్లు చదువుతాను. మొదటి ఆరుగురూ బయటికి నడవండి. సాయంత్రానికి గదులు ఖాళీ చెయ్యాలి. మిగతా వాళ్ల సంగతి ఇవాళ పన్నెండింటికి చూస్తాను."

చదివాడు. మొదటి పేరు గొంతక్కది. రెండోది పిన్నిది. మూడోది నాది.

అందరూ నావైపు తిరిగారు. రాసింది నేను, దాచింది మా ఇంట్లో. పిన్ని నా మొహంలోకి అలా చూసిన చూపు ఓనరు అరుపు కన్నా గట్టిగా తగిలింది. నేను అట్టనే చూస్తున్నాను. కమిలిన మూల కుడివైపు అలాగే ఉంది. ఎడమవైపు పై మూల లేదు. కత్తెరతో తిన్నగా కత్తిరించి ఉంది. మా అన్న వేలిముద్ర ఉండాల్సిన చోటు.

మూల బల్ల వైపు చూశాను. అన్న తల వంచుకుని ఒకే కాలరుని మళ్లీ మళ్లీ అదుముతున్నాడు.

"పిన్నీ, ఆ మూల చూడు" అన్నాను. అంతే అనగలిగాను. పిన్ని చూసింది. తల తిప్పి మూల బల్ల వైపు చూసింది.

పన్నెండయింది. ఒక్క పెట్టె కూడా ఆగలేదు. బయట గేటు దగ్గర మేం ఆరుగురం ఆ బుసలు వింటూ నిలబడ్డాం.

వరసకి వచ్చేసరికి కొళాయి కట్టేశారు. డ్రమ్ములో అడుగున బెత్తెడు నీళ్లు. పైన గోనెసంచులు ఎండి చిటపటలాడుతున్నాయి. తాత గదిలో చెయ్యి పెడితే పొయ్యిలో పెట్టినట్టుంది. ఆయన కళ్లు తెరవడం లేదు.

నేను ఇటుకల గదికి వెళ్లాను. దారిలోనే అన్న ఎదురయ్యాడు, నీళ్లు తాగే విరామంలో వచ్చినట్టున్నాడు.

"నన్నేం అనకు" అన్నాడు. "ఆ రేకు కింద నీ వదిన బతుకుతుందనుకున్నావా? మొన్న రెండుసార్లు కళ్లు తిరిగాయి దానికి. నాకున్నది అదొక్కతే."

వదిన బతకాలని నాకూ ఉంది. పక్కకి తప్పుకుని లోపలికి వెళ్లాను.

వదిన కూలరు ముందు కూర్చుని పిన్ని ఇచ్చిన బట్టలు మడతపెడుతోంది.

"ఇవాళ నీళ్లు ఎవరి వంతు?" అంది నన్ను చూడగానే.

"నీళ్లు లేవు వదినా."

చెప్పాను. తక్కువ మాటల్లో అయిపోయింది. వదిన చేతిలో గుడ్డ మడత విప్పి మళ్లీ మడిచింది. మళ్లీ విప్పింది.

"శనివారం రాత్రి మీ అన్న అట్ట తీస్తుంటే ఎందుకని అడిగాను. వంతులు మార్చాలన్నాడు. నేనే కత్తెర ఇచ్చాను."

కూలరు గాలికి ఆవిడ కొంగు ఎగురుతోంది. లేచి ఆ గాలికి అడ్డం జరిగి, గోడ పట్టుకుని నిలబడింది.

"తాత ఎక్కడున్నాడు?"

"గదిలోనే. రేకు కింద."

"తీసుకురా. పిల్లల్ని కూడా. ఈ గదిలో ఎంతమంది పడితే అంతమందిని."

తాతని తలుపుచెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చాం. దారి షెడ్డు కిటికీల పక్క నుంచే. ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో మొహం. ఎవరి పిల్లని వాళ్ల కళ్ల ముందే చంకనేసుకుని మేం ఆ గదిలోకి తీసుకెళ్లాం. మొదటి ఆరుగురి పిల్లలే కాదు, బుసలు ఆపని వాళ్ల పిల్లలు కూడా. పదిహేడు మంది పట్టారు. వదిన అందరినీ లోపలికి సర్ది తాను గడప మీద కూర్చుంది. తాత పెదవుల మీద తడిగుడ్డ పిండుతుంటే సాయంత్రానికి ఆయన వేళ్లు కదిలాయి.

ఓనరు ఇద్దరు పోలీసులని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకే మా అన్న.

"ఈ గది నీకొక్కదానికి ఇచ్చాను."

"ఇచ్చావుగా" అంది వదిన, లేవకుండానే. "నా ఇంటికి ఎవరొస్తే నీకెందుకయ్యా?"

"లే. లోపలికి రా. మన బతుకు పాడుచేస్తున్నావు" అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

వదిన ఆయన వైపు చూడలేదు. "దాటుకుని వెళ్లాలంటే నామీంచి వెళ్లమనండి" అంది పోలీసులతో.

నిండు మనిషి. వాళ్లు దాటలేదు. చేతులు ఖాళీగా తిరిగి వెళ్లడం ఇష్టంలేక, గేటు దగ్గర గొడవ చేసిందని గొంతక్కని జీపెక్కించారు. ఆవిడ జీపులోంచి తల బయటికి పెట్టి అంది:

"రాతపిల్లా, కొత్త అట్ట రాస్తే ఈసారి గోడకి తిప్పి పెట్టకు."

మర్నాడు పిన్ని ఒక కొత్త అట్ట తెచ్చింది. నా చేతిలో పెడుతూ, "నిన్న నిన్ను అలా చూశానే" అంది. పేర్లు రాసి, బయటికి కనబడేలా షెడ్డు గేటుకి కట్టాం. పొద్దున గేటులోంచి లోపలికి వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే ఆగి, గిన్నెలో మసి ముట్టుకుని, వేలిముద్ర వేసి వెళ్లారు. అన్న తల తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎడమ మూల ఖాళీగా ఉంచాను.

పన్నెండింటికి మేం గేటు బయట నిలబడ్డాం. వదిన కూడా వచ్చింది. పిన్ని నీడ కోసం తడి గోనెసంచి ఆవిడ నెత్తి మీద పట్టుకుంది.

లోపల పాతిక దాకా పెట్టెల బుస. అందులో ఒకటి ఆగింది. తర్వాత రెండు. తర్వాత ఒక వరసంతా. సూపర్‌వైజరు అరుస్తున్నాడు. ఆ అరుపు ఒక్కటే మిగిలేలా చప్పుళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి చల్లారిపోయాయి.

ఒక్కటి ఆగలేదు.

ఆగి ఆగి, మూల బల్ల వైపు నుంచి బుస్సుమంటోంది. అది ఎవరి చెయ్యో మాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆ చేతి ఒరవడి మాకు కంఠతా వచ్చు. వదిన కాసేపు విన్నది. మళ్లీ వినబడింది. మళ్లీ.

వదిన ముందుకి నడిచి, గిన్నెలో వేలు ముంచి, ఎడమ మూలలో అద్ది, వేలు తీయకుండా చాలాసేపు అదిమి పట్టుకుంది.

"పక్కన నా పేరు రాయి" అంది.