అటక మీద రాకూన్ దంపతులు

మా సరటోగాలో ఆగస్టు నెలలో సొంత ఇంట్లో కాపురముండేవాణ్ణి ఎగాదిగా చూస్తారు. గుర్రప్పందేల జనం ఊరి మీద పడే ఆ ఒక్క నెలకీ ఇల్లు అద్దెకిచ్చేసి, మనం చుట్టాల పంచనో చెరువు పక్క గుడారంలోనో తలదాచుకోవడం తాతల నాటి అలవాటు. మిగతా పదకొండు నెలలూ ఆ నెల గురించే మాట్లాడుకుంటాం. చలికాలమంతా వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటూ, ఈ ఏడు ఎలాంటివాళ్లు దిగుతారో అని ఊహలు. మంచు కరగ్గానే గోడలకు రంగులు. జూలైలో కిటికీలకు పూలకుండీలు వేలాడదీసి, మన ఫొటోలన్నీ పెట్టెల్లో సర్దేసి, తుప్పు పట్టిన మేకులు నానబెట్టినట్టుండే మా ఊట నీళ్లు ఒక సీసాడు బల్ల మీద పెట్టి, ఒంటికి మంచివని చెప్పి తాళంచెవి చేతిలో పెట్టేస్తాం.

నా రెండు గదుల కొంపను ఎవరూ అద్దెకడగరు. అందుకని ఆగస్టులో మా వీధిలో మిగిలే పాతకాపును నేనొక్కదాన్నే. ఎదురింటి ఆర్లో వాన్‌డైక్ చేసిన ఘనకార్యం మొత్తం నా కళ్లెదుట జరగడానికి కారణం అదే.

ఆర్లో జీవితమంతా ఊళ్లో క్షవరాలు చేసి, కత్తెర పక్కన పెట్టి ఇంట్లో కూర్చున్నవాడు. గుర్రాల మాట ఎత్తితే చాలు, ఏ గుర్రానికి ఏ కాలు బలమో చేతులూపుతూ చెబుతాడు. కానీ ఈ ఊళ్లోనే పుట్టిన ఆ మనిషి ఒక్క పందెమైనా కళ్లారా చూసి ఎరగడు. చిన్నప్పుడు ఆగస్టు రాగానే వాళ్ల నాన్న మూటాముల్లె సర్దేవాడు. పెళ్లయ్యాక ఆ పని భార్య హెస్టర్ చేసేది. ఇద్దరూ ఉత్తరాన ఉండే హెస్టర్ అక్క మర్టిల్ ఇంటికి పోయేవాళ్లు. ఆవిడకు ఇంటినిండా పిల్లులు, ఆర్లోకు పిల్లి బొచ్చు తగిలితే తుమ్ములు. తుమ్ముతూ ఆవిడ పడవకు రంగు గీకడమే అతని వేసవి.

ఆ ఏడు జూలై చివర్లో ఆర్లో మా వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"విల్మా, ఈసారి మేం ఎక్కడికీ పోవట్లా. గ్యారేజీ మీద అటక ఉందిగా, అందులో దాక్కుంటాం. పొద్దున్నే దిగి పందేలకు చెక్కేస్తాం. నువ్వు నోరు మెదపకూడదు."

"హెస్టర్ ఒప్పుకుందా?"

"వాళ్లక్క మీద మంటగా ఉందిలే. పోయినేడు ఇది యాపిల్ ముక్కలు కూరి కాల్చిన పై రుచి చూసి, 'బాగానే ఉందే, పిల్లులు తింటాయి' అందట."

అద్దెకు దిగినావిడ కెంటకీ నుంచి వచ్చిన లూరీన్ టాల్బట్. భారీ మనిషి, పక్క వీధికి వినపడే గొంతు, కారు నిండా టోపీల పెట్టెలు. బ్రోకరు ద్వారా ఇల్లు తీసుకుంది గనుక ఇంటివాళ్ల ముఖాలు చూడలేదు. వచ్చిన గంటలోనే నన్ను పిలిచి తన సంగతులన్నీ చెప్పేసింది. ఆవిడకున్నది ఒకే ఒక్క గుర్రం. దాని పేరు 'హర్రీ అప్ హెరాల్డ్'.

"హెరాల్డ్ అంటే పోయిన మా ఆయనమ్మా. ఎక్కడికీ వేళకు బయల్దేరిన పాపాన పోలేదు. రోజూ వాకిట్లో నిలబడి 'హర్రీ అప్ హెరాల్డ్' అని అరిచేదాన్ని. ఆయన పోయాక కూడా నోరు ఊరుకోలేదు. గుర్రానికి పెట్టుకున్నా."

ఆర్లో పథకం ఎక్కడ బెడిసికొట్టిందంటే, హెరాల్డ్ పరుగు నెలాఖరుకు గానీ లేదు. అందాకా లూరీన్ పొద్దస్తమానం వరండాలో ఊగుడు కుర్చీలో కూర్చునేది. గ్యారేజీ మెట్లు ఆవిడ ముక్కుకు ఎదురుగా ఉన్నాయి. మొగుడూ పెళ్లాలు దిగలేక, అటక మీద ఉడికిపోతూ కూర్చున్నారు. మైకులో పందేల అరుపులు గాలికి వినపడేవి.

మూడో రోజు లూరీన్ మా ఇంటికొచ్చింది. "ఏమ్మా, ఆ గ్యారేజీ అటక మీద ఏదో జంతువుంది. గురక పెడుతోంది."

"రాకూన్ అయ్యుంటుంది లెండి," అన్నాను. రాకూన్ అంటే మా వైపు ఇళ్లలో దూరే దొంగ. పిల్లి కంటే కాస్త పెద్దది, కళ్ల చుట్టూ గంతలు కట్టినట్టు నల్లమచ్చలు, ఏది దొరికినా నీళ్లలో కడుక్కుని మరీ తింటుంది.

"ఒకటి కాదమ్మా. ఒకటి గురక పెడుతుంటే ఇంకోటి దాన్ని తిడుతోంది."

నాకు నవ్వాగలేదు, దగ్గుతో కప్పిపుచ్చాను. రాకూన్లు పట్టేవాణ్ణి పిలిపించమంది. ఆగస్టులో మా ఊళ్లో పనివాడు దొరకడం కలలో మాట. నేను అటకవైపు తిరిగి గట్టిగా, "రాకూన్లు పట్టేవాడు కావాలట!" అని అరిచాను. ఆవిడ ఇంకా మా ఇంట్లో ఉండగానే ఆర్లో మెట్లు దిగి, వెనక కంచె దూకి చుట్టూ తిరిగి, టోపీ కళ్ల మీదికి లాక్కుని వచ్చాడు. పేరు జో అన్నాడు. చీపురుకర్ర పట్టుకుని తన అటక తానే ఎక్కి, బల్లలు దబదబా బాది, "ఆగవే! కరుస్తావా!" అని అరిచి, చెమటలు కక్కుకుంటూ దిగాడు.

"ఆడ రాకూనమ్మా. నిండు చూలాలు. ఇప్పుడు కదిలిస్తే చట్టం ఒప్పుకోదు."

లూరీన్ ముఖం వెలిగిపోయింది. "అయ్యో తల్లీ! మరి దాని తిండి ఎట్లా?"

ఆ రోజు నుంచి గ్యారేజీ మెట్ల మీద పళ్లాలు వెలిశాయి. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, పీచ్ పండ్ల పై. హెస్టర్ పుట్టి బుద్ధెరిగి ఎవరి చేతి వంటా ఇంత సుఖంగా తినలేదట. తిన్నాక పళ్లెం మురికిగా పెట్టడానికి మనసొప్పక, తోమి తుడిచి మెట్టు మీద బోర్లించేది.

"ఉత్తరాది రాకూన్ల పద్ధతే వేరమ్మా," అని లూరీన్ నాతో మురిసిపోయింది. "మా కెంటకీవి ఉన్నాయి, తిని పళ్లెం విసిరికొడతాయి."

ఇక జో వేషంలో ఆర్లోకు తీరిక లేకుండా పోయింది. ఇరుక్కుపోయిన సొరుగు లాగమని, కారుతున్న కొళాయి బిగించమని ఆవిడ పిలుస్తూనే ఉంది. తన ఇంట్లో ఏళ్ల తరబడి వాయిదా వేసిన పనులన్నీ ఆర్లో అద్దెకున్నావిడ కేకలకు చేశాడు. హెస్టర్ అటక కిటికీలోంచి చూస్తూ పళ్లు నూరింది.

ఒక మధ్యాహ్నం నేను లూరీన్ దగ్గర కూర్చుని నిమ్మరసం తాగుతున్నాను. ముందుగది కిటికీ తెరిచి ఉంది, ఎదురుగా అటక కిటికీ. ఆర్లో కర్టెన్ కడ్డీ బిగిస్తున్నాడు. లూరీన్ గోడ మీది పటం చూపించింది. ఫొటోలన్నీ సర్దినా తల్లి పటం మాత్రం తీయడానికి హెస్టర్ ఒప్పుకోలేదు.

"ఈవిడెవరయ్యా జో, జైలరమ్మలా ఉంది? నేను కాఫీలో చక్కెర వేసుకుంటుంటే చెంచాలు లెక్కపెడుతున్నట్టు చూస్తోంది."

"ఇంటాయన అత్తగారమ్మా."

"పాపం!"

"అంత మెల్లగా అంటారేం? ఇంటాయన గొంతులో రొట్టె ముక్క సాఫీగా దిగనిచ్చింది కాదు. పోయి కూడా వదల్లేదు చూడండి, గోడెక్కి కాపలా కాస్తోంది."

కిటికీలోంచి ఒక చెప్పు రివ్వున వచ్చి నిమ్మరసం జగ్గును తన్నింది. లూరీన్ దాన్ని తీసి తిప్పి చూసింది.

"ఇదేంటయ్యా, ఆడవాళ్ల చెప్పు! మీ ఊళ్లో రాకూన్లు చెప్పులేసుకుంటాయా?"

"ఎక్కడో ఎత్తుకొచ్చి ఉంటుందమ్మా," అన్నాడు ఆర్లో. "దొంగముండకు బుద్ధి ఎక్కడికి పోతుంది?"

"ఎవరయ్యా దొంగముండ!" అని అటక మీంచి పిడుగు పడింది. రెండో చెప్పు చేత్తో పట్టుకుని, జుట్టు నిండా సాలెగూళ్లతో హెస్టర్ మెట్లు దిగి, పచ్చిక దాటి, నేరుగా లోపలికొచ్చింది. "మా అమ్మ ఎవరి గొంతుకు అడ్డం పడిందో ఇప్పుడు నా ముఖం మీద చెప్పు, ఆర్లో వాన్‌డైక్!"

అంతా బయటపడిపోయింది. ఆర్లో కర్టెన్‌లో దూరాడు. లూరీన్ కోప్పడుతుందని, పోలీసుల్ని పిలుస్తుందని అనుకున్నాను. ఆవిడ మాత్రం మెల్లగా కుర్చీలో కూలబడి, కళ్లనిండా నీళ్లతో అడిగింది.

"అయితే... పిల్లలు లేవా?"

"ఎందుకు లేరండీ, ఇద్దరున్నారు," అంది హెస్టర్ తికమకపడి. "పెద్దవాడు బఫలోలో పళ్ల డాక్టరు."

లూరీన్ లోపలికి పోయి ఒక బుట్ట తెచ్చింది. రాకూన్ కూనల కోసం అందులో హెరాల్డ్‌గారి పాత ఉన్ని స్వెట్టర్ పరిచి ఉంది. అది చూసి హెస్టర్ చేతిలోని చెప్పు కింద పెట్టేసింది.

లూరీన్ ముక్కు తుడుచుకుంది. "పోనీ, నా పీచ్ పై తిన్నదెవరు?"

"నేనే."

"ఎట్లా ఉంది?"

"లోపల అమృతం. అడుగు మాత్రం కాస్త మెత్తబడింది."

"చూశావా! నాకూ అదే అనుమానం. మా ఊళ్లో ఒక్కతీ నిజం చెప్పి చావదు!"

ఇద్దరూ కలిసి వంటింట్లోకి పోయారు. పిండి పిసుకుతున్న చప్పుడు వినిపించాక ఆర్లో కర్టెన్‌లోంచి బయటికొచ్చాడు. ఆ సాయంత్రమే లూరీన్ వాళ్లను వెనక పడకగదిలోకి దింపింది, వాళ్ల ఇంట్లో వాళ్లనే అతిథులుగా.

నెలాఖరున మా ముగ్గుర్నీ పందెం మైదానానికి తీసుకెళ్లింది. మా తలల మీద ఆవిడ టోపీలే. ఆర్లోకు కూడా ఒకటి పెట్టబోతే ఎలాగో తప్పించుకున్నాడు. గేట్లు తెరుచుకున్నాయి. గుర్రాలన్నీ బాణాల్లా దూసుకుపోయాయి. హర్రీ అప్ హెరాల్డ్ గేటులోనే నిలబడి, ఆకాశం వంక ఒకసారి చూసి, తరవాత బయల్దేరాడు. "హర్రీ అప్, హెరాల్డ్!" అని లూరీన్ అరిచిన అరుపుకు ముందు వరసలో ఒకాయన చేతిలో గ్లాసు జారిపోయింది. మిగతా గుర్రాలు గీత దాటి, చెమట తుడిపించుకుంటున్నా హెరాల్డ్ ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు.

నేను ఆర్లో వంక జాలిగా చూశాను. ఇంత కాలం ఎదురుచూసి, కష్టపడి, చూసిన మొదటి గుర్రం ఇదా అని. అతను రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నాడు.

"చూశావా విల్మా! మిగతావన్నీ సర్రుమని పోయాయి, ఒక్కదాని ముఖం కూడా కంటికానలేదు. వీడొక్కడే చూడనిచ్చాడు. ఆ కాలు ఎలా వేస్తున్నాడో చూడు! ఆ చెవులు చూడు!"

లూరీన్ అతన్ని గట్టిగా వాటేసుకుంది. వాళ్లాయన్ని గురించి అంత మంచిమాట ఎవరూ అనలేదట.

సెప్టెంబరులో ఆవిడ వెళ్లిపోతూ వచ్చే ఏడుకూ ఇల్లు మాట్లాడుకుంది, ఇంటివాళ్లతో సహా. ఇప్పుడు వాకిట్లో మోకాళ్ల లోతు మంచు. ఆర్లో రోజూ పొద్దున కాఫీ హోటల్లో గుడ్లూ రొట్టే ముందు పెట్టుకుని ఆ పందెం కథ మొదలుపెడతాడు. హెరాల్డ్ గేటు దాటేసరికే గుడ్లు చల్లారిపోతాయి. నిన్న మలుపు దగ్గరికి వచ్చేసరికి హోటలువాడు బల్లలు తుడిచేసి కుర్చీలు పైకెక్కిస్తున్నాడు. ఆర్లో చేత్తో ఆగమని సైగ చేసి, "ఇక్కడే అసలు సంగతి," అన్నాడు.