తాళం ఎవరి కోసం

ఆరేళ్ల ఆ పిల్లకి ఇంట్లో అందరూ కలిసి పెట్టిన పేరు ‘ఎందుకమ్మ’. ఆ రోజు బడికి సెలవు, తల్లికి ఆస్పత్రిలో పగటి డ్యూటీ. చేసేది లేక తండ్రే తనతో పనికి తీసుకెళ్లాడు. ఇళ్లకు తాళాలు బిగించడం, పాడైనవి మార్చడం అతని పని. మూడిళ్లు తిరిగేసరికి అతని బుర్ర వేడెక్కిపోయింది.

“నాన్నా, తాళాలెందుకు?”

“దొంగలు రాకుండా.”

“దొంగలకి ఇళ్లుండవా?”

“ఉంటాయి.”

“మరి వాళ్లూ తాళం వేసుకుంటారా?”

“అబ్బబ్బా! వేసుకుంటారు తల్లీ, వేసుకుంటారు. నా ప్రాణం తోడెయ్యకే!”

నాలుగో ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తీసినావిడ ముంజేతికి కట్టు ఉంది. “ఐదింటిలోపు అయిపోవాలండీ, ఆయన వచ్చేలోపు,” అంది. అతను తలూపి పాత తాళం విప్పడం మొదలుపెట్టాడు. ఇలాంటి ఇళ్లు అతనికి కొత్త కాదు. ఏమీ అడక్కుండా పని చేసుకుపోవడం అతనికి అలవాటే. పిల్లకి కాదుగా!

“ఆంటీ, మీ ఇంటికి దొంగొస్తాడా?”

“లేదమ్మా, మా ఆయన వస్తారు.”

“అయితే అంకుల్ దొంగా?”

అతని చేతిలోని స్క్రూ జారి సోఫా కిందికి దొర్లిపోయింది. “నోర్ముయ్! ఏమనుకోకండమ్మా, దీనికి ఎక్కడేం అడగాలో తెలీదు.”

“అడగనివ్వండి,” అందావిడ. “మావాళ్లు ఒక్కరూ అడగలేదు.” పిల్ల ముందు చతికిలబడి, “దొంగ కాదమ్మా. కోపమొస్తే కొడతారు. అందుకే,” అని చెప్పింది.

“ఎందుకు కొడతారు?”

“నాకూ తెలీదు.”

పిల్ల సోఫా కింద దూరి స్క్రూ వెతికి తెచ్చింది. అతను కొత్త తాళం బిగించి, నాలుగుసార్లు తిప్పి చూపించాడు. ఆమె అడక్కపోయినా లోపలివైపు గట్టి గడియ కూడా ఒకటి వేసి, తాళంచెవులు చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో పిల్ల బండి మీద ముందు నిలబడింది.

“నాన్నా, నీకూ కోపమొస్తుందిగా?”

“పొద్దున్నుంచీ వస్తూనే ఉంది.”

“మరి అమ్మని కొడతావా?”

అతను బండి రోడ్డు పక్కకు తీసి ఆపాడు. “ఏం మాటే అది? ఎప్పుడైనా చూశావా?”

“చూళ్లేదు. నేను నిద్రపోయాక కొడతావేమో.”

“లేదు. కొట్టను. ఎప్పుడూ కొట్టలేదు.”

“నాకెలా తెలుస్తుంది?”

అతనికి ఒళ్లు మండిపోయింది. ఇంత పని చేసి, ఇంత ఎండలో తిరిగి, చివరికి సొంత కూతురి ముందు సంజాయిషీ చెప్పుకోవాలా? గట్టిగా అరవబోయాడు. అరిస్తే అదే జవాబైపోతుందని భయమేసి ఆగిపోయాడు.

“చూస్తూ ఉండు,” అన్నాడు చివరికి. “నేను చెప్పేది కాదు, నేనేం చేస్తానో రోజూ చూడు. నీకే తెలుస్తుంది.”

“సరే,” అంది పిల్ల.

ఆ చూడటమేదో అక్కడికక్కడే మొదలుపెట్టింది. బండి మళ్లీ కదిలాక కూడా అద్దంలో అతని ముఖాన్ని కళ్లార్పకుండా చూస్తోంది. మలుపు దగ్గర ఒక కారు ఉన్నట్టుండి అడ్డంగా దూసుకొచ్చింది. అతను బ్రేకు నొక్కి, నోటిదాకా వచ్చిన తిట్టును అతి కష్టమ్మీద మింగాడు. ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది.