మూడు పూటల మనిషి

ఆదెయ్య బేరమాడడంలో దిట్ట. కంభం సంతలో ఎద్దు పళ్లు చూసి అయిదు రూపాయలు దించినవాడు, కన్నతల్లిని చూసుకునే మనిషి దగ్గర మాత్రం ఊరుకుంటాడా! పెరటి దడికి ఇవతల అతను, అవతల రాహేలు. వంటింటి గోడకు ఆనుకుని అతని భార్య సుబ్బులు ఆ బేరమంతా వింటున్నది.

“మూడు పూటలు రావాల అయ్యా,” అంటున్నది రాహేలు. “పొద్దున కడిగి, గుడ్డలు మార్చి, గంజి తాపేదానికి ఒక పూట. మద్దేనం పక్కకు తిప్పేదానికి ఒక పూట. మాపు మళ్లా కడిగేదానికి ఇంకో పూట. రోజుకు రెండు శేర్ల జొన్నలు ఇయ్యండి.”

“తిప్పేదానికి గూడా మనిషేందిమే? రెండు పూటలు రా. ఒకటిన్నర శేరు.”

“పిండి కొద్దీ రొట్టె అయ్యా. తిప్పకపోతే వీపు పుండు పడతాది. ఆ పుండు మానేదానికి ఎన్ని శేర్లయినా చాలవు.”

అయినా ఒకటిన్నర శేరుకే తెగింది. మధ్యాహ్నం తిప్పడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారులే అన్నాడు ఆదెయ్య. ఆ ఎవరో ఒకరు ఎవరో సుబ్బులుకు తెలుసు.

ఆ ఏడు ఆషాఢంలో ఆదెయ్య తల్లి గురవమ్మకు ఎడమ పక్క పడిపోయింది. ఆమె సుబ్బులుకు అత్తే కాదు, మేనత్త. తల్లి లేని పిల్లను తెచ్చి పెంచి, కొడుక్కి చేసుకున్న మనిషి. నాలుగు నెలలు సుబ్బులు ఒక్కతే ఆమెను ఎత్తింది, దించింది, కడిగింది. ఆ పనికి ఎన్ని శేర్లవుతాయో ఇంట్లో ఒక్కరూ లెక్క వేయలేదు. ఇప్పుడు సుబ్బులుకు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు దక్కలేదు. మంత్రసాని వచ్చి కడుపు తడిమి, “ఇంక బరువెత్తినావంటే ఇది గూడా నిలబడదు తల్లీ” అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పిపోయింది. తల్లిని చూసుకోవడం కూడా ఒక పనేనని ఆదెయ్యకు అప్పుడు తెలిసొచ్చింది.

సొంతవాళ్లలో ఎవరూ ఆ పనికి రామన్నారు. చాకలామె గుడ్డలు ఉతుకుతానంది గానీ ఒళ్లు ముట్టనంది. ఒప్పుకున్నది రాహేలు ఒక్కతే. ఆమెది ఊరవతలి పల్లె. పాదిరి దొరల ఆసుపత్రిలో ఆరేళ్లు ఆయాగా చేసి, పడిపోయిన మనిషిని నొప్పి తెలియకుండా కూర్చోబెట్టే ఒడుపు నేర్చుకున్నది. కానీ ఏం లాభం? ఆ పల్లెవాళ్లను ఊరు ముట్టదు, గడప తొక్కనీయదు. గుళ్ల తలుపులు అందరికీ తెరవాలని మదరాసులో పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్న రోజులవి. ఆదెయ్య వాళ్ల తర్లుపాడులో ఇళ్ల తలుపుల మాట ఎవరూ ఎత్తలేదు.

మరి ఎట్లా? ఉపాయం పక్కింటి పిచ్చమ్మ చెప్పింది. గురవమ్మకు తోడికోడలు, ఆదెయ్యకు పెద్దమ్మ, వీధికంతటికీ ఆచారాలు నేర్పే మహాతల్లి. గురవమ్మను మంచంతో సహా పెరట్లోని గొడ్ల కొట్టంలోకి మోసుకుపోవాలి. రాహేలు అక్కడే తన పని చేసి వెళ్లిపోవాలి. ఆ తర్వాత గురవమ్మకు తల మీదుగా నీళ్లు పోసి, మైల పోగొట్టి, బట్ట మార్చి ఇంట్లోకి తేవాలి. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి.

ఆదెయ్య, పాలేరు చెరో పక్క పట్టి మంచం మోసేవాళ్లు. పొలం నుంచి వాళ్లు ఆలస్యంగా వస్తే ముసలమ్మ తడిసిన గుడ్డల్లోనే పడి ఉండేది. చెంబుతో నీళ్లు పోసే వంతు సుబ్బులుది. పిచ్చమ్మ దగ్గర నిలబడి, “తల తడవాల, తల తడవాల” అని అదిలించేది. బేరమాడిన ఆదెయ్య జొన్నలు కొలిచాడు, పూటలు లెక్కపెట్టాడు. ఈ చన్నీళ్ల స్నానాలు మాత్రం అతని లెక్కకు రాలేదు. వేణ్ణీళ్లు పెడదామంటే, మైలకు చన్నీళ్లే పోయాలన్నది పిచ్చమ్మ.

కార్తీకం దాటి మార్గశిరం వచ్చింది. నల్లమల వైపు నుంచి వచ్చే చలిగాలికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లే దుప్పటి విడవడం లేదు. గురవమ్మ తలమీద చెంబు పడినప్పుడల్లా ఆమె కుడి చెయ్యి సుబ్బులు చీర కొంగును గట్టిగా పట్టుకునేది. వద్దే అని ఒక్కసారి కూడా అనలేదు. అయ్యో, అంటే బాగుండునని సుబ్బులు లోలోపల ఏడ్చుకునేది. పది రోజులకు దగ్గు పట్టుకున్నది.

ఆ మాపు రాహేలు గురవమ్మ వీపుకు చెవి ఆనించి విని, లేచి నిలబడింది.

“ఏమయ్యా, ఒక మాట చెప్తా వినండి. మీ అమ్మ ఒంటి మురికి నేను కడుగుతా ఉండా. నా మైల మీరు కడుగుతా ఉండారు. ఈ రెండు కడుగుళ్ల నడుమ ఆమె సచ్చిపోతాది. నీళ్లన్నా మానండి, నన్నన్నా మాన్పించండి. మనిషిని సంపేదానికి నేను కూలి తీసుకోను.”

చెప్పి, దడి దాటి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సుబ్బులు నీళ్లు తోడలేదు. గురవమ్మను పొడి బట్టలోనే ఇంట్లోకి తెచ్చారు. సంగతి తెలిసి పిచ్చమ్మ పరుగున వచ్చింది.

“బావా, రాహేలును లోపలికి రానీ,” అన్నది సుబ్బులు. “నట్టింట్లోనే చేసిపోతాది. మోసే పని లేదు, నీళ్ల పని లేదు.”

“ఊరు ఊరకుంటాదా?”

“ఊరొచ్చి మా అత్తను ఎత్తుతాదా?”

“రానీయండమ్మా, రానీయండి,” అన్నది పిచ్చమ్మ. “రేపు నీ పురిటికి ఈ ఇంటికి ఎవురొస్తారో, ఈ ఇంట్లో మంచినీళ్లు ఎవురు ముడతారో నేనూ చూస్తా.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆదెయ్య నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఎద్దుల దగ్గర లేచే నోరు అప్పుడు లేవలేదు.

సుబ్బులు మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది. “అత్తా, నువ్వే చెప్పు. రాహేలును లోపలికి రమ్మందామా? లేకుంటే నీళ్లు పోసి ఇంట్లోకి తేకుండా నిన్ను కొట్టంలోనే ఉంచి చూసుకుందామా? నువ్వెట్లంటే అట్లే.”

గురవమ్మకు మాట ముద్దగా వచ్చేది గానీ తెలివి ఎక్కడా తగ్గలేదు. ఆమె కోడలిని చూడలేదు, పిచ్చమ్మను చూడలేదు. కొడుకు ముఖం వైపు చాలాసేపు చూసింది. అతను తల ఎత్తలేదు.

“కొట్టం,” అన్నది.

ఆదెయ్య గట్టిగా ఊపిరి విడిచాడు. సుబ్బులు అది చూసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తల్లి తనకోసం అడగలేదు, పిరికి కొడుకును గట్టెక్కించింది. ఆ మాత్రం కూడా తెలియనట్టు అతను లేచి కొట్టం ఊడవడానికి పోయాడు.

కొట్టంలో ఒక మూల గోనెపట్టాలు కట్టి, గడ్డి పరిచి, కుంపటి పెట్టారు. రాహేలు ఇప్పుడు మూడు పూటలూ వచ్చేది. రెండు శేర్లూ ఆమె అడగకుండానే ఆదెయ్య కొలిచాడు. నీళ్లు ఆగిపోయాయి, దగ్గు కొంచెం తగ్గింది, వీపు మీద పుండు పడలేదు. గురవమ్మ మళ్లీ ఇంట్లోకి రాలేదు. మాపటేళ సుబ్బులు సంగటి తెచ్చినప్పుడు, “పొయ్యి రాజేసినావా? దీపం పెట్టినావా?” అని పొరుగూరి సంగతులు అడిగినట్టు అడిగేది. పది అడుగుల దూరంలో తన సొంత ఇల్లు!

పుష్యమాసంలో ఒక పొద్దున రాహేలు ఆమెను గుండెకు ఆనించుకుని గంజి తాపుతున్నది. రెండు గుక్కలు మింగింది. మూడో గుక్క పెదవి పక్కనుంచి కారిపోయింది. “అమ్మా, అమ్మా!” అన్న కేక విని సుబ్బులు వచ్చేసరికి రాహేలు ఆ ముసలి ముఖాన్ని తన కొంగుతో తుడుస్తూ ఏడుస్తున్నది. వీధి జనం ఒక్కొక్కరూ పెరట్లోకి రావడం చూసి, తనే లేచి దడి అవతలికి పోయి నిలబడింది.

ఆదెయ్య పొలం నుంచి పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే తల్లిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎంత తేలికైపోయిందో!

“నట్టింట్లో పండుకోబెడదాం, పట్టండి.”

పిచ్చమ్మ వెనక గడపకు అడ్డంగా నిలబడింది. “వద్దురా నాయనా. బయట ఊపిరి పోయిన శవాన్ని ఇంట్లోకి తేగూడదు. ఇంటికి అరిష్టం. కడుపుతో ఉన్న పిల్ల ఉండాది.”

“ఇది ఆమె ఇల్లు పెద్దమ్మా!” అతను గడప వైపు ఒక అడుగు వేశాడు. “ఒక్క గడియ! ఒక్క గడియ పండుకోబెట్టి తీసకపోతా!”

వచ్చినవాళ్లంతా తలలు దించుకున్నారు. కడుపుతో ఉన్నదానివి, ఇక్కడ ఉండొద్దు లోపలికి పో అని ఎవరో సుబ్బులు భుజం పట్టుకున్నారు. ఆమె కదల్లేదు.

“నువ్వన్నా చెప్పు సుబ్బులూ,” అన్నాడు ఆదెయ్య.

“నేను ఆ పొద్దే చెప్పినా గదా బావా,” అన్నది సుబ్బులు. “ఊపిరుండంగా ఆమె నీ ముఖం చూసింది. అప్పుడు నువ్వు లోపలికి రమ్మనలేదు. ఇప్పుడు ఎవురిని రమ్మంటావు?”

ఆదెయ్య వెనక్కి తిరిగి, తల్లిని కొట్టంలోని గడ్డి మీదే పడుకోబెట్టాడు.