తగువు అనే స్టూలు

ఆ ఆదివారం ఉదయం మబ్బులు నడినెత్తిదాకా వచ్చి, ఇంట్లో ఏదో మరిచిపోయినవాళ్లలా వచ్చిన దారినే మళ్లిపోయాయి. ఇక వాన రాదని తేలాక కోడలు షెడ్డు తలుపు బార్లా తీసింది. మామగారు వడ్రంగి. ఆమె పుట్టింటివాళ్లూ వడ్రంగులే కాబట్టి రంపంపొట్టు వాసన కొత్త కాదు. కొత్తల్లా ఆ ఇంటి మాటలే.

అక్కడ వస్తువులకు బజారు పేర్లు చెల్లవు. కోసేటప్పుడు కీచుమనే రంపం ‘మేనత్త’. ఒకసారి తెరిస్తే మూత పడని మేకుల డబ్బా ‘బావగారి నోరు’. ఒకరు ఆ మాట అనగానే మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ నవ్వులో తనకూ ఓ పీట వేస్తారేమోనని కోడలు వచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది. వేయకూడదని కాదు, ఎవరికీ తోచలేదంతే.

భోజనాల బల్ల దగ్గర పాత స్టూలు ఒకటుంది. దాని పేరు ‘తగువు’. కూర్చుంటే చాలు, టక్కుటక్కుమని ఊగుతుంది. అలాంటి స్టూలు కంటపడితే ఆమె తండ్రికి అన్నం సయించేది కాదు. ప్రతి ఆదివారం చిన్నమామగారు భోజనానికి వచ్చి దానిమీదే కూర్చుంటారు. అందుకని కోడలు దాన్ని షెడ్డులోకి తీసుకుపోయి, పొట్టికాలికి సమంగా మిగతా మూడూ కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు చేత్తో నొక్కి చూసింది. కదల్లేదు.

“ఎంత పని చేశావే తల్లీ. అన్నదమ్ములిద్దరూ పని నేర్చుకునే రోజుల్లో కలిసి చేసిన మొదటి స్టూలది. కాలు పొట్టిగా కోసింది నువ్వంటే నువ్వని ఇప్పటికీ వాదులాటే. వాళ్ల మధ్య వేరే మాటల్లేవు. అది టక్కుమంటేనే నోరు విప్పుతారు.”

కోడలు స్టూలు మళ్లీ చేతికి తీసుకుంది. “పోనీ ఒక కాలు మళ్లీ కాస్త కోసేయనా అత్తయ్యా?”

“కోస్తే అది నీ వంకరవుతుంది. వాళ్లది కాదుగా.”

మధ్యాహ్నం చిన్నమామగారు వచ్చారు. చేతులు కడుక్కుని కూర్చున్నారు. అలవాటుగా కుడికి ఒరిగారు. చప్పుడు లేదు. ఎడమకి ఒరిగారు. అప్పుడూ లేదు. మామగారు గ్లాసు కింద పెట్టి తమ్ముడి వంక చూశారు. కోడలు గరిటె పట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

“వదినా, బల్ల ఎత్తు పెరిగిందా?”

“నేనే మావయ్యా,” అంది కోడలు. “ఊగుతోందని మూడు కాళ్లూ కోశాను.”

చిన్నమామగారు వంగి స్టూలు కాళ్ల వైపు చూశారు.

“ఇంకేముంది, సాక్ష్యం పోయింది,” అన్నారు చిన్నమామగారు. “నీ పంట పండింది అన్నయ్యా.”

“నాకెందుకు? కోసింది నువ్వు.”

“కొలత చెప్పింది నువ్వు.”

“చెప్పింది వినబడితేగా. అప్పుడు నీ చెవిలో ఎప్పుడూ పెన్సిలే.”

“చెవిలో కాదు, చెవి మీద.”

కోడలు ఊపిరి పీల్చుకుంది. స్టూలు కదలకపోయినా తగువు మాత్రం కదిలింది.

“ఇక దీనికి పేరు మార్చాలేమో,” అన్నారు చిన్నమామగారు.

మామగారు తల అడ్డంగా ఊపారు. “ఎందుకూ? ఇప్పుడు తగువులో ముగ్గురం. మనం పాడుచేసింది ఒక్క కాలే. ఈ పిల్ల ఏకంగా మూడు కోసింది.”

“కొలత మాత్రం సరిగ్గా చూసుకున్నాను మావయ్యా.”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నమామగారు అన్నగారి మొహం చూడకుండా గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు. మామగారు పక్కనున్న కుర్చీని కాలితో వెనక్కి జరిపారు.

“వడ్డించింది చాల్లే, కూర్చో.”

కోడలు కూర్చుంది. నలుగురూ తిన్నారు. చిన్నమామగారు మాత్రం ముద్దముద్దకీ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఒరుగుతూనే ఉన్నారు.