తమ్ముడు పడుకుంటానన్నాడు

మా తమ్ముడు థల్లోస్ చావడానికి అయిదు రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు నిలబడే ఉన్నాడు. నిలబెట్టింది నేనే.

పెళ్లిగొడవ సంగతి అందరికీ తెలిసిందే. కొండకింద ఉండే లాపిథులనే మనుషుల ఇంట్లో పెళ్లికి మా మందంతా వెళ్లింది. వాళ్లు ద్రాక్షసారాలో నీళ్లు కలుపుకుని తాగుతారు. మాకు కలిపి పోయాలని వాళ్లకి తోచలేదు, కలుపుకోవాలని మాకు తెలీదు. ఆ తర్వాత పెళ్లికూతురి జుట్టు ఎవడు పట్టుకున్నాడు, మొదటి చెంబు ఎవడు విసిరాడు అన్నది ఎవరికి అనుకూలంగా వాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకోవడానికి నోళ్లు వాళ్లవైపే ఎక్కువ మిగిలాయి. మావైపు మిగిలింది ముప్పయి మందిమి. పున్నమిలోపు పెలియోన్ కొండ దిగి పడమటికి పోవాలనీ, పోకపోతే మాలాంటి సగం మనిషి సగం గుర్రం కెంటౌరు అనేవాడు ఎక్కడ కనపడితే అక్కడే చంపుతామనీ కబురంపారు.

థల్లోస్ ఆ పెళ్లిలో చుక్క ముట్టలేదు. వాడి భార్య ఇతియాకి జనం మధ్య ఊపిరాడదు, అందుకని ఆమెతోపాటు గుమ్మం దగ్గరే నిలబడి అంజూరపళ్లు తింటున్నాడు. తాగి తన్నుకున్నవాళ్లలో సగంమంది గీటు పడకుండా కొండెక్కారు. బాణం మాత్రం అంజూరపళ్లు తినేవాడికి తగిలింది.

కుడివైపు, డొక్కలో, మనిషి ఒళ్లు గుర్రపు ఒంట్లో కలిసేచోటికి జానెడు పైన దిగింది. ఎలాగో నడిచి వచ్చాడు. పీకి చూస్తే మొనకి నల్లటి జిగురు. ఎలుగుబంట్లని కొట్టడానికి వేటగాళ్లు పూసుకునే పాము విషం.

మా మందలో వైద్యం తెలిసినవాడు లేడు. ఎంతోకొంత తెలిసినవాణ్ణి నేనే. చిన్నప్పుడు పైన గుహలో ఉండే పెద్దాయన దగ్గర ఎనిమిది నెలలు చదువుకున్నాను. ఆయనా మావాడే, నాలుగు కాళ్లవాడే, కానీ లాపిథుల దొరబిడ్డలు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. పాము విషానికి విరుగుడు మా పేరే పెట్టిన చేదాకు. గులాబిరంగు చిన్నపూలు పూస్తుంది. దాన్ని ఎప్పుడు కొయ్యాలి, ఎంత నూరాలి, రోజుకి ఎన్నిసార్లు తాగించాలి, అక్కడిదాకా విన్నాను. తర్వాతి పాఠానికి నేను లేను.

ఆకు నూరి కట్టాను. రసం తాగించాను. రెండు దేవదారు చెట్ల మధ్య ఎద్దుతోలు వారలు కట్టి, వాడి పొట్టకింద నుంచి రెండు వరసలు లాగి, పడిపోకుండా బిగించాను.

మాలో ఎవరూ పడుకోరు. పుట్టిన పూట తల్లి కాళ్లదగ్గర పడి ఉంటాం, మళ్లీ చచ్చిన పూట పడతాం. మధ్యలో నిద్రయినా, జబ్బయినా, కాన్పయినా నిలబడే. కాళ్లు మడిచి నేలకి వాలినవాడు చచ్చినవాడి కిందే లెక్క. చూసినవాళ్లు జుట్టు కోసి వాడిమీద వేసి, పేరుపెట్టి ఒక్కసారి ఏడుస్తారు. ఆ తర్వాత వాడు లేచి గంతులేసినా సరే, వాడితో మాట లేదు, వాడికి నీళ్లు లేవు, వాడి వంక చూపు లేదు. ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

రెండోరోజుకే మొదలెట్టాడు.

"అన్నా, కాళ్లు ఆగట్లేదు. కాసేపు వాలనీ."

"వాలితే మీ ఆవిడ జుట్టు కోసుకోవాలి. అంత మంచి జుట్టు, చూస్తూ చూస్తూ పాడుచేస్తావా?"

"జుట్టు మళ్లీ పెరుగుతుంది."

"మొగుడు పెరగడు కదరా."

ఇతియా వాడి నోటికి బార్లీజావ అందిస్తూ, "ఇంకొకడొచ్చినా ఇట్లాంటివాడే దొరుకుతాడు బావా. ఎందుకొచ్చిన తిప్పలు, వీడితోనే సర్దుకుంటాలే," అంది.

వాడు నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. "నాలో మనిషేమో పడుకుంటానంటున్నాడు, గుర్రమేమో పరువు పోతుందంటోంది. వాళ్లిద్దరూ తేల్చుకునేదాకా నేనెక్కడికన్నా పోయి రానా?"

"నోర్మూసుకుని తాగు," అన్నాను. ప్రేమగా అనాల్సిన మాటలన్నీ నేను అట్లాగే అంటాను. ఇప్పుడు అనుకుని లాభమేముంది?

మూడోరోజు సాయంత్రం స్కోపెలోస్ వచ్చాడు. మంద పెద్దలంతా పెళ్లిలో పోతే పెద్దరికం ఆయన నెత్తిన పడింది. నెత్తిన వెంట్రుక లేదు గాని పెద్దరికం ఉంది.

"ఎల్లుండి పొద్దున్నే కదుల్తున్నాం. వీడు నడుస్తాడా?"

"నడుస్తాడు మావా."

"ఆ కాళ్లు చూశావా? దూలాల్లా వాచాయి."

"నడవలేకపోతే నేను మోస్తా."

"గుర్రాన్ని గుర్రం మొయ్యడం నేనింతవరకు చూళ్లేదురా క్రెమ్నోస్."

థల్లోస్ కళ్లు తెరవకుండానే అన్నాడు, "మావా, నన్ను ఒక్కసారి పడుకోనివ్వమని వీడికి చెప్పవా?"

స్కోపెలోస్ వినబడనట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మా మందలో అది మర్యాద.

నాలుగోరోజు తెల్లవారేసరికి వాడి కాళ్లు గిట్టలదాకా నల్లబడ్డాయి. ఆకు పనిచెయ్యాలి, ఎందుకు చెయ్యడంలేదో అర్థం కాలేదు. ఇక ఆ గుహకి వెళ్లక తప్పలేదు.

ఎందుకు ఇన్ని రోజులు వెళ్లలేదో చెప్పుకోవాలి. నేను చదువుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నం చేదాకు కోసుకుని గుహలోకి వెళ్లేసరికి పెద్దాయన కాళ్లు ముడుచుకుని ఎండుటాకుల మీద పడి ఉన్నాడు. ఆకుల బుట్ట అక్కడే పారేసి, కొండంతా పరుగెత్తి దిగి, పెద్దాయన చచ్చిపోయాడని మందలో చెప్పాను. మందంతా పైకెళ్లింది. ఆడవాళ్లు గుహ బయట నుంచే చూసి, జుట్టు కోసి విసిరి, ఏడ్చారు. నాలుగు రోజుల తర్వాత ఆయన వాగు దగ్గరికి వచ్చి నీళ్లు తాగాడు. ఎవరూ ఆయన వంక చూడలేదు. అప్పటినుంచి ఆయన మాకు చచ్చినవాడే. నేనా, చచ్చినవాడి దగ్గర చదువేంటని మానేశాను. సిగ్గుపడి మానేశానని ఒప్పుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

గుహ ముందు ఆయన మూటలు కట్టుకుంటున్నాడు. తోక తెల్లబడిపోయింది.

"ఎవరది? చచ్చినవాడి గుమ్మంలోకి వచ్చావ్, మీవాళ్లు చూస్తే ఊరుకుంటారా?"

"అయ్యా, నేను క్రెమ్నోస్‌ని."

"తెలుసు. నన్ను చంపింది నువ్వే కదా." కోపం లేకుండానే అన్నాడు. "చెప్పు, ఎవరికేమైంది?"

చెప్పాను. ఆయన మూట ముడి బిగిస్తూనే అడిగాడు.

"ఆకు కట్టావా?"

"కట్టాను."

"తాగించావా?"

"మూడు పూటలా."

"పడుకోబెట్టావా?"

నేను గిట్టలవంక చూసుకున్నాను.

"నిన్నేరా. పడుకోబెట్టావా లేదా?"

"మనవాళ్లు పడుకోరు కదయ్యా."

ఆయన చేతిలో మూట వదిలేశాడు. "నిలబడ్డవాడికి ఆ ఆకు ఎందుకూ పనికిరాదు. నిలబడితే విషం కాళ్లలోకి దిగుతుంది. మనిషికి రెండే కాళ్లు, మనకి నాలుగు, నాలుగింట్లోకీ దిగుతుంది. కదలకుండా పడుకుంటే ఆకు దాన్ని ఎక్కడిదాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. నాలుగు రోజులు పడుకుంటే చాలు, లేచి వాగు దగ్గరికి నడవచ్చు."

వాగు అనగానే తలెత్తి ఆయన వంక చూశాను.

"ఆవేళ నాకు పాము కరిచిందిరా," అన్నాడు. "నిన్ను ఆకు కోసుకురమ్మన్నది అందుకే. పక్కన నిలబెట్టుకుని చూపిద్దామనుకున్నా. నువ్వు బుట్ట పారేసి పరిగెత్తావ్. దేక్కుంటూ వెళ్లి ఆ బుట్ట తెచ్చుకున్నా."

"ఇప్పుడు పడుకోబెడితే?"

"మొదటిరోజు చెయ్యాల్సింది. ఇప్పుడు దిగాల్సిందంతా దిగింది."

"మరి నేనేం చెయ్యను?"

"పడుకుంటానని అడుగుతున్నాడా?"

"రోజూ అడుగుతున్నాడు."

"ఇంకేం మరి. అది చెప్పించుకోవడానికి నా దగ్గరికి రావాలా?"

ఎండ తిరిగేవేళకి కిందికి దిగాను. థల్లోస్ తల ఛాతీమీదికి వాలిపోయింది. వారలు పొట్టలోకి కోసుకుపోయి, కింద నేల తడిగా ఉంది. ఇతియా చేత్తో ఈగలు తోలుతోంది. గుహలో విన్నదంతా చెప్పాను. తోలు వార ముడిమీద చెయ్యేశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"బావా, ఇప్పుడు విప్పితే నా మొగుడు ఇవాళే చచ్చినట్టు."

"విప్పకపోతే రేపు చస్తాడమ్మా."

"రేపటిదాకా ఉంటాడు కదా. రేపటిదాకా మాట్లాడుకుంటాం కదా." ఆమె గొంతు పెరిగింది. "మొదట్లో వాడు అడిగితే నువ్వేమన్నావ్? నోర్మూసుకోమన్నావ్. ఇవాళ ఎవరో చచ్చినాయన చెప్పాడని విప్పుతావా?"

ఆమె అన్నదాంట్లో తప్పులేదు. నేను ముడిమీద చెయ్యి తియ్యలేదు, విప్పనూలేదు.

"ఇతియా," అన్నాడు థల్లోస్. తల ఎత్తలేదు. "నేను ఇంక ఉండలేనే."

ఆమె నా చెయ్యి వదిలింది. నడుముకి కట్టుకున్న కత్తి తీసింది. జుట్టుకేనేమో అనుకున్నాను. ముందు వారలు కోసింది. ఒకటి, రెండు. వాడు మీద పడకుండా నేను ఛాతీ ఆనించి, ముందుకాళ్లు, తర్వాత వెనక్కాళ్లు మెల్లగా మడిచి వాల్చాను. ఎంత బరువో వాడు.

నేల తగలగానే వాడి మొహం మారిపోయింది. నాలుగు రోజులనుంచి బిగిసిన దవడ వదులైంది.

"అబ్బ," అన్నాడు. "నేల ఇంత చల్లగా ఉంటుందా? ఎవరూ చెప్పలేదేం?"

ఇతియా తన జుట్టు మెడదాకా కోసి వాడిమీద పరిచింది. పేరుపెట్టి ఒక్కసారి ఏడ్చింది. కొండ అవతలిదాకా వినబడి ఉంటుంది. ఆ తర్వాత వెనక్కి జరిగి వీపు తిప్పింది.

"ఇతియా, బాగానే ఉన్నానే," అన్నాడు. "ఇటు చూడు. నొప్పి కూడా తగ్గింది."

ఆమె తిరగలేదు. తిరిగితే రేపు మందతో పోనివ్వరు, ఆమె ఒంటరిగా ఈ కొండమీద చావాలి. వాడికి ఆ సంగతి గుర్తొచ్చినట్టుంది, మళ్లీ పిలవలేదు. కళ్లు మూసుకుని, "అన్నా, నువ్వున్నావా?" అన్నాడు.

వాడితో మాట్లాడితే నేనూ తప్పు చేసినట్టే. నేను మాట్లాడలేదు. కాళ్లు మడిచి వాడి పక్కన వాలాను. పుట్టిన రోజు తర్వాత నేల నా పొట్టకి తగలడం అదే మొదలు.

ఏడుపు విని స్కోపెలోస్ వచ్చాడు. మమ్మల్నిద్దర్నీ చూసి ఆగిపోయాడు. చుట్టూ ఒకసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఒరే క్రెమ్నోస్, లే. నేను చూళ్లేదనుకుంటాను. ఈ అమ్మాయి అటు తిరిగి ఉంది. ఎవరికీ తెలీదు, లేరా."

నేను లేవలేదు.

"వీడికోసం నువ్వూ చచ్చిపోతావా? ముప్పయిమంది మిగిలాంరా!"

"ఇరవై ఎనిమిది మావా," అన్నాను.

ఆయన కత్తి తీశాడు. నెత్తిన జుట్టు లేదు కాబట్టి తోకలోంచి గుప్పెడు వెంట్రుకలు కోసి ఇద్దరిమీదా వేశాడు. నా పేరుపెట్టి ఏడ్చాడు. బాగానే ఏడ్చాడు, అంత ఏడుపు వస్తుందని నేననుకోలేదు. ఇతియా భుజంమీద చెయ్యేసి తీసుకుపోయాడు.

పొద్దున్నే మంద కదిలింది. కదిలినట్టు మాకు చెవులకంటే ముందు నేలే చెప్పింది. పడుకుంటే అట్లా తెలుస్తుంది. థల్లోస్ చెంప నేలకి ఆనించి విన్నాడు. ఇతియా ఎడమ వెనక గిట్ట అంచు ఆ పెళ్లిగొడవలో విరిగింది, అది కొద్దిగా తడబడుతుంది.

"అదిగో. మధ్యలో నడుస్తోంది," అన్నాడు.

కాసేపటికి, "ఇప్పుడు వాగు దాటుతున్నారు."

ఇంకా కాసేపటికి, "నీకు వినబడుతోందా అన్నా?"

నాకు ఎప్పుడో వినబడడం మానేసింది. "ఆఁ, వినబడుతోంది," అన్నాను. వాడు తల ఊపాడు. పొద్దు నడినెత్తికి రాకముందే పోయాడు.

ఒక్కణ్ణే వాడికి గొయ్యి తియ్యడానికి మూడు రోజులు పట్టింది. ఇతియా జుట్టు వాడితోనే పెట్టాను. గుహకి వెళితే పెద్దాయన లేడు, మూటలు లేవు. ఎటుపోయాడో ఎవరు చెప్తారు? ఆయన పడుకునే ఎండుటాకుల పడక మాత్రం అలాగే ఉంది, మధ్యలో ఒళ్లు పట్టేంత గుంటతో.

ఈ గుహలోనే ఉంటున్నాను. చదువు చెప్పేవాడు పోయాక లాపిథులు ఇంత పైకి రారు. ఒకసారి పడమటి కనుమలో మా మందవాళ్లు ఎదురయ్యారు. ఇతియా ఉంది, జుట్టు మళ్లీ భుజాలు దాటింది. నా పక్కనుంచి, చెట్టు పక్కనుంచి పోయినట్టు, పోయింది. నేనూ పిలవలేదు.

ఆ పడకమీద పడుకుందామని చాలాసార్లు చూశాను. చచ్చినవాణ్ణే కదా, నన్ను ఎవరేమంటారు? కాళ్లు మడవబోతాను, మడవవు. ఇప్పటికీ నిలబడే నిద్రపోతాను.