మడి కట్టుకున్న టవరు

మా అత్తగారు బాలత్రిపురసుందరి గారి దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాలు: ముట్టుకోదగ్గవి, ముట్టుకోకూడనివి. తడిచీర కట్టుకుని ఆవిడ వంటింట్లోకి వెళ్ళారంటే వంటయ్యేదాకా నేను గుమ్మం ఇవతలే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, మడిలో ఉండగా ఆవిడ కొంగు అంచు కూడా నాకు తగల్లేదు. మా అశోక్‌నగర్ ఇంట్లో చీమైనా సరే స్నానం చేసే వంటింట్లోకి రావాలని మా ఆయన నవ్వేవాడు.

మా ఆయన ఉమాకాంత్‌కు హామ్ రేడియో పిచ్చి. బ్యాంకు నుంచి రాగానే చెప్పులు విడిచి డాబా మీది గదిలో దూరేవాడు. ఆ రేడియో సెట్టులో ముఖం తెలియని ఎవరెవరితోనో గంటల తరబడి మాట్లాడేవాడు. ఇంట్లోకి ఉప్పు తెమ్మంటే మర్చిపోయే మనిషి, డాబా మీద దానికి టవరు నిలబెట్టిన రోజు ఆ టవరు ఎర్తు గోతిలోకి మాత్రం బస్తా ఉప్పు తెచ్చాడు.

నారాయణగూడ నుంచి ఆయన స్నేహితుడు ప్రహ్లాద్ సాయానికి వచ్చాడు. అతనిదీ ఇదే పిచ్చి. ఇద్దరూ గేటు పక్కన గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేసి, రాగి ప్లేటు పూడ్పించి, టవరు నుంచి దానికి రాగి పట్టీ దించారు. పిడుగు పడితే ఆ దారిన భూమిలోకి పోతుందట.

"ఇంకొక్క పని ఉన్నదన్నా," అన్నాడు ప్రహ్లాద్. "ఇంటి కరెంటుకు పెరట్ల ఎర్తు ఉన్నది కద. గా గొయ్యినీ ఈ గొయ్యినీ పట్టీతోటి కలపాలె. రెండు వేర్వేరుగ ఉండొద్దు."

పెరట్లో ఇంటి ఎర్తు ఉన్నది సరిగ్గా అత్తగారి మడినీళ్ళ కుళాయి పక్కన, వంటింటి గోడకు ఆనుకుని. ఆవిడ కిటికీలోంచి అంతా విన్నారు.

"పిడుగును తీసుకొచ్చి నా వంటింటికి కలుపుతారా? బుద్ధుందా మీకు? దాని దారి దానిది, మన దారి మనది. దూరంగా ఉంచండి."

నిజం చెప్పొద్దూ, వినడానికి ఆ మాటే సబబుగా ఉంటుంది. అపాయాన్ని ఇంటికి దూరంగా ఉంచమనే కదా ఎవరైనా అనేది. అది తప్పని ప్రహ్లాద్ నెత్తీ నోరూ బాదుకున్నాడు. మా ఆయన మాత్రం, "అమ్మ చేత మాట పడలేనయ్యా. టవరుకు మడి కట్టించామనుకో, పోనీ," అని నవ్వేశాడు. తెలియక కాదు. అన్నీ తెలిసే తల్లి మాట దాటలేకపోయాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఉరిమితే చాలు, టవరు నుంచి వచ్చే తీగను సెట్టులోంచి ఊడదీసి కిటికీ బయట పడేయడం ఆయన అలవాటు. ఈ మే నెలలో ఒక సాయంత్రం ఇద్దరం చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్ళి వస్తుండగా గాలిదుమారం లేచింది. గేటు తీస్తూనే కూరల సంచి నా చేతిలో పెట్టి మెట్ల మీదికి పరిగెత్తాడు. ఆరేసిన బట్టల కోసం నేనూ వెనకే ఎక్కాను. గది గుమ్మంలోంచి చూశాను. ఎడమచేయి పవర్ సప్లై ఇనప పెట్టె మీద ఆనించి, కుడిచేత్తో తీగ లాగాడు. తీగ ఊడి చేతిలోకి వచ్చింది. పిడుగు అప్పుడే పడింది.

చెవులు దిబ్బెళ్ళు వేసి నేను కిందపడ్డాను. నేను లేచాను. ఆయన లేవలేదు.

కర్మలయ్యాక ప్రహ్లాద్ గేటు దగ్గర నాకొక్కదానికే చెప్పాడు. "పెట్టెది ఇంటి ఎర్తు, తీగది టవరు ఎర్తు వదినా. పిడుగు పడంగనే టవరు దిక్కు కరెంటు లేచింది, ఇంటి దిక్కు లేవలే. రెండిటి నడుమ అన్న ఉండె. పట్టీ కలిపి ఉంటే రెండూ ఒక్కతీరుగ లేస్తుండె. అన్న బతుకుతుండెనేమో."

మేము వెయ్యని పట్టీ మా ఆయనే అయ్యాడు.

పలకరించడానికి వచ్చిన వాళ్ళందరితోనూ అత్తగారు ఒకటే మాట. "నయం, దాన్ని వేరుగా పెట్టించాను. లేకపోతే ఇల్లంతా బూడిదయ్యేది. కోడలు కూడా దక్కేది కాదు." విన్నప్పుడల్లా నా కడుపు రగిలిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చేది. కొడుకు పోయిన మనిషి అని మింగేదాన్ని.

వానలు దగ్గరపడుతుంటే ప్రహ్లాద్ టవరు దించేస్తానన్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు. "వాడు కట్టుకున్నది. ఉండనీ."

"అట్లయితే ఎర్తులు కలపాలె అమ్మా. తప్పది."

"మళ్ళీ అదే మాటా! వేరుగా ఉండబట్టే కదయ్యా ఈ ఇల్లు నిలిచింది?"

ప్రహ్లాద్ తల దించుకున్నాడు. నేను దించుకోలేదు.

"వేరుగా ఉండబట్టే ఆయన పోయారు అత్తయ్యా. ఒక చెయ్యి టవరు తీగ మీద, ఒక చెయ్యి మనింటి ఎర్తు ఉన్న పెట్టె మీద. రెండూ కలిపి ఉంటే బతికేవారేమో."

ఆవిడ ఏడవలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత పక్కకు జరిగి, మడికుళాయి గట్టు చూపించి, "ఇటునుంచి తవ్వుకో నాయనా," అన్నారు. అనేస్తే నా కడుపుమంట చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు.

ప్రహ్లాద్ పట్టీ కలిపి వెళ్ళాడు. కొద్దిరోజులకే ఒక పొద్దున్న ఆకాశం నల్లబడి ఉరమడం మొదలైంది. వంటింట్లోంచి మాడువాసన. గుమ్మంలోంచి పిలిచాను, పలకలేదు. పొయ్యి మీద అన్నం మాడుతోంది, ఆవిడ లేరు.

పెరట్లో కుళాయి పక్కన తడిచీరతో కూర్చుని ఉన్నారు. కొత్త రాగి పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, టవరు కొసకేసి చూస్తున్నారు.

"అత్తయ్యా, వదలండి! లోపలికి రండి!"

"ముట్టుకోకు. మడిలో ఉన్నాను," అన్నారు.

నేను వినలేదు. ఒక్కొక్క వేలే విడదీసి, ఆవిడను వాటేసుకుని లోపలికి లాక్కొచ్చాను.