అరిగిన బిళ్ళల సంచి

ఫిబ్రవరి తొమ్మిది, గురువారం, ఉదయం ఎనిమిదీ ఇరవైకి రేవు టికెట్ కౌంటర్లో చిల్లర యంత్రం ఆగిపోయింది. లాంచీ ఎనిమిదిన్నరకి. కిటికీ ముందు అరవై మంది దాకా ఉన్నారు.

కిటికీ వెనక కూర్చునే ఆవిడని రేవులో అందరూ చిల్లరక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. ఆవిడ తలుపు తీసి మెట్ల కేసి అరిచింది.

"ఆకురాయీ! నీ ముద్దుబిడ్డ మళ్ళీ మొండికేసింది. దిగిరా!"

ఆకురాయి అనేది మెకానిక్‌కి రేవువాళ్ళు పెట్టిన పేరు. ఏ రిపేరు చెప్పినా ముందు ఆకురాయి తీసి ఏదో ఒకటి రుద్దుతాడని. వయసు నలభై ఎనిమిది. పన్నెండేళ్ళుగా ఆ యంత్రం అతని చేతి కిందే ఉంది.

యంత్రం పనిచేసే తీరు ఇది. పైన గరాటులో నాణేలు పోస్తారు. లోపల తిరిగే పళ్ళెం వాటిని ఒక్కొక్కటిగా వాలు మీదికి వదులుతుంది. వాలు పక్కన ఇత్తడి రేకు, ఆ రేకుకి నాలుగు కంతలు. మొదటి కంత అన్నిటికంటే చిన్నది. ఒకటి అంకె ఉన్న బిళ్ళ దొర్లుకుంటూ వచ్చి అందులో పడుతుంది. రెండు బిళ్ళ అందులో పట్టదు కాబట్టి దాన్ని దాటి రెండో కంతలో పడుతుంది. తర్వాత అయిదు, ఆ తర్వాత పది. ఒక్కో కంత కింద ఒక్కో గొట్టం. టికెట్ ఏడు. ఎవరైనా పది ఇస్తే చిల్లరక్క మూడు అంకె ఉన్న మీట నొక్కుతుంది. కిటికీ బయటి గిన్నెలో ఒక రెండు బిళ్ళ, ఒక ఒకటి బిళ్ళ పడతాయి. ఆవిడ చెయ్యి నాణేన్ని తాకదు. సాయంత్రం గొట్టాల్లో మిగిలినవి కూడా లెక్కపెట్టక్కర్లేదు. గొట్టం పొడుగునా గీతలుంటాయి, ఎంత ఎత్తుకి ఉన్నాయో చూసి రాసుకోవడమే.

ఆ సంవత్సరం ఒకటి బిళ్ళలు కొత్తగా కొట్టారు. అంచు కాస్త లావు. అవి మొదటి కంతలో ఇరుక్కున్నాయి. కొత్త రేకు తెప్పించడం పద్ధతి. స్టోర్సుకి రాస్తే నెల పడుతుంది.

"ఎంతసేపు?" అంది చిల్లరక్క.

"అయిపోయినట్టే అక్కా."

"ఆ మాట పోయినసారి కూడా చెప్పావు. లాంచీ వెళ్ళిపోయాక అయిపోయింది."

ఆకురాయి తీసి మొదటి కంత అంచు మీద నాలుగుసార్లు రాశాడు. వెంట్రుకవాసి తేడా. కౌంటర్లోంచి గుప్పెడు నాణేలు తీసుకుని గరాటులో పోశాడు. ఎక్కడివక్కడ పడ్డాయి. ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి యంత్రం నడిచింది. బయట ఎవరో ఈల వేశారు.

రేకు మీద చెయ్యి పడితే అరిగిన బిళ్ళలతో పరీక్షించాలని నియమం. చేతులు మారి మారి అంచు అరిగిపోయిన రెండు బిళ్ళలు ఇరవై, ఒక గుడ్డ సంచిలో కట్టి వర్క్‌షాపు అల్మరాలో ఉంచుతారు. వర్క్‌షాపు పై అంతస్తులో. మెట్లు ముప్పై ఒకటి. ఆ పొద్దున్న అతను వాటిని ఎక్కలేదు. మధ్యాహ్నం పుస్తకంలో రాశాడు: "కంత శుభ్రం చేశాను. సంచితో పరీక్షించాను." కింద సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం చిల్లరక్క లెక్కలో ముప్పై ఒకటి తక్కువ వచ్చింది.

తక్కువ వస్తే ఆ పూటే క్యాషియరు సొంత పర్సులోంచి వేసి, తరుగుల పుస్తకంలో రాయాలి. ఆవిడ వేసింది, రాసింది. మర్నాడు నలభై. ఆ మర్నాడు ముప్పై ఎనిమిది. రెండు వారాలు పోయాక ఇంటి నుంచి చిన్న నోటుబుక్కు తెచ్చుకుని రోజువారీ తరుగు అందులోనూ రాసుకోవడం, పక్కన ఆ రోజు గుర్తున్న విశేషం కూడా వెయ్యడం మొదలుపెట్టింది. ఓసారి ఒక ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చి, "ఒకటి ఎక్కువొచ్చిందమ్మా" అని వెనక్కి ఇచ్చాడు. ముందున్నవాళ్ళు గిన్నెలో మర్చిపోయి ఉంటారనుకుని ఆవిడ దాన్ని పక్కన పెట్టింది. మూడు నెలల్లో వెనక్కి ఇచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఏప్రిల్ మూడు, సోమవారం, ఉదయం ఎనిమిది. ఆకురాయి భార్య అవతలి ఒడ్డుకి వెళ్ళాలి. ఉద్యోగికి టికెట్ అక్కర్లేదు, ఇంట్లోవాళ్ళకి కావాలి. అతను క్యూలో నిలబడి పది ఇచ్చాడు. గిన్నెలో రెండు నాణేలు పడ్డాయి. తీసి చూశాడు. రెండూ రెండు బిళ్ళలే. ఒకదాని అంచు అరిగి నున్నగా ఉంది.

వాటిని అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, చేతిలో జాతకం చూసుకుంటున్నావా? కదులు!" అన్నాడు వెనకాయన.

అద్దం అవతల నుంచి చిల్లరక్క నవ్వింది. "మూడు లెక్కపెట్టడానికి ఇంతసేపా తమ్ముడూ? సరిపోయిందా?"

"సరిపోయింది అక్కా."

మూడుకి బదులు వచ్చిన ఆ నాలుగూ జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం కొత్త రేకు కోసం స్టోర్సుకి కాగితం రాశాడు. కారణం దగ్గర "అరుగుదల" అని రాశాడు. అంతకు ముందు ఏడాది ఇంకో రేవులో ఒక మెకానిక్, చెయ్యని పరీక్ష చేసినట్టు పుస్తకంలో రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు. రేకు విప్పేస్తే యంత్రం ఆగుతుంది, ఆగితే ఎందుకో రాయాలి. రేకు వచ్చేస్తుంది, తరుగు ఆగిపోతుంది, ఆవిడకి పోయినది ఏదో వంకతో తిరిగిచ్చెయ్యొచ్చు. ఇదీ అతను వేసుకున్న లెక్క.

రేకు రాలేదు. ఏప్రిల్ పదహారు, ఆదివారం. ఆ రోజు లాంచీలు నడవవు. అతను వచ్చి మొదటి కంత అంచుకి సీసం అతికించి, నున్నగా రుద్ది వెళ్ళాడు. సోమవారం, మంగళవారం లెక్క సరిపోయింది. మంగళవారం సాయంత్రం చిల్లరక్క వర్క్‌షాపు మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పి మూలాన ఆవిడ ఎప్పుడూ పైకి రాదు. చేతిలో రెండు గ్లాసుల టీ.

"రెండు రోజులు, తమ్ముడూ! పైసా తేడా లేదు. మీటలు సరిగ్గా కనపడక తప్పు నొక్కుతున్నానేమోనని శనివారం కొత్త కళ్ళద్దాలు చేయించుకున్నా. చూడు, ఎలా ఉన్నాయి?"

"బావున్నాయి అక్కా."

"మా అమ్మాయైతే బళ్ళో పెద్ద టీచరమ్మలా ఉన్నావంది. పోనీలే, ఏదో ఒకటి. నాకు మతి పోతోందేమోనని భయపడి చచ్చాననుకో."

అతను టీ తాగాడు. బుధవారం ఉదయం సీసం రాలిపోయింది. సాయంత్రానికి తరుగు నలభై మూడు.

మే పదమూడు, శనివారం, కొత్త రేకు వచ్చింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి బిగించాడు. ఈసారి సంచి తెచ్చాడు. ఇరవై బిళ్ళలూ రెండో కంతలో పడేదాకా చూసి, మళ్ళీ ఇంకో మూడుసార్లు పోశాడు. పాత రేకు రుమాల్లో చుట్టి ఇంటికి తీసుకెళ్ళాడు.

శనివారం సాయంత్రం రేవు సూపరింటెండెంటు తరుగుల పుస్తకం చూసి చిల్లరక్కని పిలిచి, సోమవారం నుంచి కౌంటర్లో కూర్చోవద్దని చెప్పిన సంగతి అతనికి అప్పటికి తెలియదు.

సోమవారం ఆ కుర్చీలో వేరే క్యాషియరు కూర్చుంది. పని నేర్చుకుని మూడు నెలలు కాలేదు. సాయంత్రం లెక్క సరిపోయింది. మంగళవారం సరిపోయింది. వారమంతా సరిపోయింది.

వారం గడిచేసరికి రేవులో మాట తిరిగింది. చిల్లరక్కది చేతివాటం. యంత్రం అదే, గిన్నె అదే, మనిషి మారింది, తరుగు ఆగింది. ఇంకేం రుజువు కావాలి? ఇరవై రెండేళ్ళు ఆవిడతో పరాచికాలాడిన లాంచీ డ్రైవరు కూడా, "ఎవర్ని నమ్ముతాం చెప్పు" అన్నాడు. ఆకురాయి తల వంచుకుని స్పానరు తుడిచాడు. విచారణ మే ఇరవై ఆరున అని నోటీసు అంటించారు. ఆవిడ రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. నేరం తేలితే ఉద్యోగం పోతుంది, పింఛను రాదు.

ఇరవై నాలుగో తారీఖున అతని భార్య సొరుగులో రుమాలు మూట చూసింది.

"ఇదేంటండీ? ఇత్తడి ముక్కని ఇంత ముద్దుగా చుట్టి దాచారు. ఇన్నేళ్ళలో నాకో గొలుసు ఇలా చుట్టి ఇచ్చిన పాపాన పోలేదు."

అతను చెప్పాడు. పూర్తిగా చెప్పడానికి పావుగంట పట్టింది.

"ఉద్యోగం పోతుందా?" అంది.

"పోవచ్చు."

"ఆవిడది?"

"ఎల్లుండి పోతుంది."

ఆమె రేకుని తిరిగి రుమాల్లో చుట్టింది. సొరుగులో పెట్టలేదు. అతని భోజనం డబ్బా పక్కన పెట్టింది.

విచారణ పది గంటలకి. బల్ల వెనక సూపరింటెండెంటు, ఆయన పక్కన కాగితాలు రాసుకునే గుమాస్తా. చిల్లరక్క ఎదుటి కుర్చీలో ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. ఆకురాయి తలుపు కొట్టి లోపలికి వచ్చాడు. ఒక చేతిలో రేకు, ఇంకో చేతిలో సంచి.

"నిన్ను పిలవలేదే" అన్నాడు సూపరింటెండెంటు.

"తరుగు నా వల్ల వచ్చింది సార్. ఒక్కసారి కిందికి రండి, చూపిస్తాను."

నలుగురూ కౌంటర్లోకి దిగారు. లాంచీ అప్పుడే వెళ్ళింది, కిటికీ ముందు ఎవరూ లేరు. కొత్త రేకు విప్పి పాతది బిగించాడు. గొట్టాలు ఖాళీ చేశాడు. సంచి విప్పి అందులోని ఇరవై బిళ్ళలూ లెక్కపెట్టి గరాటులో పోశాడు. యంత్రం తిరిగింది. రెండు బిళ్ళల గొట్టంలో పదమూడు పడ్డాయి. మిగిలిన ఏడూ ఒకటి బిళ్ళల గొట్టంలో పడ్డాయి.

"అంటే ఒకటి అని నొక్కితే రెండు పోతోంది" అన్నాడు గుమాస్తా.

"అవును సార్."

సూపరింటెండెంటు ఇంకోసారి పొయ్యమన్నాడు. పోశాడు. మళ్ళీ ఏడు.

పైకి వెళ్ళాక అతను ఫిబ్రవరి తొమ్మిది సంగతి చెప్పాడు. మెట్లు ఎక్కలేదని చెప్పాడు. సంచితో పరీక్షించానని రాసింది అబద్ధమని చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"ఈ తప్పు నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు సూపరింటెండెంటు.

ఆకురాయి బల్ల అంచు కేసి చూశాడు.

"పాత రేకు విప్పినప్పుడు సార్. మే పద్నాలుగు."

గుమాస్తా అదీ రాసుకున్నాడు. చిల్లరక్క మీద ఆరోపణ లేదని, ఆవిడ వేసిన డబ్బు ఆఫీసు తిరిగివ్వాలని సూపరింటెండెంటు చెప్పాడు. "నీకు రెండు ఇంక్రిమెంట్లు పోతాయి. నీ అంతట నువ్వొచ్చి చెప్పావు కాబట్టి ఇంతటితో సరి. ఈ రోజుల్లో ఇలా వచ్చి చెప్పేవాడేడీ?" అన్నాడు. గుమాస్తా తల ఊపాడు.

బయట వరండాలో బెంచీ ఉంది. చిల్లరక్క అక్కడ కూర్చుంది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, నన్ను క్షమించు."

ఆవిడ నోటుబుక్కు తెరిచి పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది.

"ఏప్రిల్ మూడున మీ ఆవిడకి టికెట్ తీసుకున్నావు."

అతను నోటుబుక్కు కేసి చూశాడు.

"చేతిలోకి చూసుకుంటూ నిలబడిపోయావు. వెనకాయన జాతకం అన్నాడు. నేను కూడా నవ్వా. సరిపోయిందా అని అడిగా."

"అడిగావు."

"సరిపోయిందన్నావు."

అవునని తల ఊపాడు. ఆవిడ పేజీ మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ లెక్కపెట్టింది. "ఏప్రిల్ మూడు నుంచి మే పదమూడు దాకా. ఆదివారాలు తీసేస్తే ముప్పై ఆరు రోజులు." వేలు వెనక్కి వచ్చి ఒకచోట ఆగింది. "ఇందులో రెండు రోజులు సరిపోయింది. సోమవారం, మంగళవారం." తల ఎత్తి చూసింది. "ఆ రెండు రోజులూ కూడా నువ్వేనా?"

"సీసం అతికించాను అక్కా. రాలిపోయింది."

"కళ్ళద్దాలు కాదన్నమాట."

"కాదు."

"నేను టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చానురా" అంది ఆవిడ. పన్నెండేళ్ళలో అతన్ని రా అనడం అదే మొదలు. కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టి, పెట్టె మూసింది. నోటుబుక్కుని కళ్ళద్దాలతో చూసినంత దూరంలోనే పట్టుకుని, కొత్త పేజీలో మిగిలిన ముప్పై నాలుగు తారీఖులు ఒకదాని కింద ఒకటి రాయడం మొదలుపెట్టింది.

అతను మొదటి రెండు తారీఖులు పడేదాకా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి తలుపు తోశాడు. సూపరింటెండెంటు పెన్నుకి మూత పెడుతున్నాడు.

"సార్, ఒక తేదీ తప్పు చెప్పాను."

"ఏ తేదీ?"

"నాకు తెలిసిన తేదీ. మే పద్నాలుగు కాదు. ఏప్రిల్ మూడు, సోమవారం, పొద్దున్న ఎనిమిదింటికి."

సూపరింటెండెంటు అతని వంక చూసి, తలుపు అవతల బెంచీ వంక చూశాడు.

"తెలిసీ ఊరుకున్నావని రాస్తే రెండు ఇంక్రిమెంట్లతో పోదు. అర్థమవుతోందా?"

"అవుతోంది సార్."

"రాయమంటావా?"

"రాయండి. ఏప్రిల్ పదహారున సీసం అతికించిన సంగతి కూడా రాయండి. ఆవిడకి తిరిగిచ్చే డబ్బులో కళ్ళద్దాల ఖరీదు కలపండి. అది నా జీతంలో కొయ్యండి."

గుమాస్తా కొత్త కాగితం తీసుకున్నాడు. "కళ్ళద్దాలకి ఎంతయింది?"

అతనికి తెలియదు. తలుపు తెరిచే ఉంది. ఆవిడని అడగడానికి వెనక్కి తిరిగాడు.

"తొమ్మిది వందల యాభై" అంది చిల్లరక్క బెంచీ మీది నుంచి. తల ఎత్తలేదు. రాస్తూనే ఉంది.